ఫొటో కింద పేరు

మన హాస్టల్‌కు వచ్చేది ఒక్కటే పేపరు. వార్డెన్ మేడమ్ చూశాక పదో తరగతి అక్కలకు, వాళ్ల దగ్గర్నుంచి మా చేతికి వచ్చేసరికి సాయంత్రమవుతుంది. సినిమా బొమ్మలను అప్పటికే ఎవరో కత్తిరించుకుపోయి ఉంటారు. ఆటల పేజీ మాత్రం నలగకుండా ఉంటుంది. అందులో అమ్మాయిల కోసం వెదకడం మా గదిలో అందరికీ అలవాటు.

దొరుకుతారు. కానీ ఎలా? 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌కు ముందు శ్రీకాకుళం జిల్లా బిడ్డ కరణం మల్లేశ్వరి లావెక్కిందని రాసినవాళ్లున్నారు. ఆమె స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది. ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారత మహిళ ఆమే. బరువులెత్తే మనిషి ఒంటి బరువు మీద వెక్కిరింపేమిటో! 2005లో సానియా మీర్జా హైదరాబాద్ ఓపెన్ గెలిచింది. ఆ ఏడు చర్చంతా ఆమె స్కర్టు పొడవు మీదే. 2017లో మిథాలీ రాజ్‌ను నచ్చిన మగ క్రికెటర్ ఎవరని అడిగితే, ఇదే ప్రశ్న మగవాళ్లను అడుగుతారా అని ఎదురడిగింది. ఆ జవాబు మా గదిలో ఇప్పటికీ వాడుకలో ఉంది, చివరికి అన్నం వడ్డించే దగ్గర కూడా.

మనలాగే సాంఘిక సంక్షేమ గురుకులంలో చదివిన మాలావత్ పూర్ణ 2014 మే 25న ఎవరెస్టు ఎక్కింది. అప్పటికి ఆమెకు పద్నాలుగేళ్లు కూడా నిండలేదు. ఆమె కథ ఎక్కడ చదివినా ముందుగా పేదరికమే వస్తుంది. అది మాకు కొత్తగా ఎవరూ చెప్పక్కర్లేదు. భువనగిరి గుట్ట మీద తాడు పట్టి ఎక్కడం ఎలా నేర్చుకుంది, లడఖ్ చలికి ఎలా తట్టుకుంది? మాకు కావలసింది అది.

ఇక మన సంగతి. పోయినేడు మండల కబడ్డీ పోటీల్లో మన అమ్మాయిలు గెలిచారు. పేపర్లో ఫొటో పడింది. కుర్చీల్లో కూర్చున్న అతిథులందరి పేర్లూ ఉన్నాయి. వెనక నిలబడ్డ పన్నెండు మందికీ కలిపి 'విజేతలు' అని ఒక్క మాట. పక్కనే అబ్బాయిల జట్టు, కెప్టెన్ పేరుతో సహా. మాలో ఒకామె ఆ కటింగును ఇంటికి పట్టుకెళ్లింది, జిల్లా పోటీలకు పంపమని నాన్నను అడగడానికి. ఆయన కాగితమంతా వేలితో వెదికి, "ఇందులో నీ పేరేదే?" అన్నాడు. పంపలేదు. పేరుంటే పంపేవాడని మేమూ గట్టిగా చెప్పలేం. కానీ ఆమె చేతిలో ఉన్న సాక్ష్యం ఆ కాగితం ఒక్కటే. మనకు కూతకెళ్లే పిల్ల లేకుండా పోయింది. జిల్లాలో మొదటి ఆటలోనే ఓడాం.

2025 నవంబరు 2న మన అమ్మాయిలు వన్డే ప్రపంచకప్ గెలిచాక మొదటి పేజీలోనే కనబడ్డారు. ఆ జట్టులోని కడప జిల్లా శ్రీచరణి వల్ల ఎడమచేతి స్పిన్ అంటే ఏమిటో మా వంటక్కకు కూడా తెలిసింది.

ఈ సంచికలో కబడ్డీ జట్టు ఫొటో కింద పన్నెండు పేర్లూ వేయాలనీ, కూతకెళ్లేదెవరో, పట్టేదెవరో రాయాలనీ సంపాదకవర్గాన్ని అడిగాం. చోటు చాలదన్నారు. అయితే అతిథుల పేర్లు తగ్గించమన్నాం. ఆలోచిస్తామన్నారు.