జాతరబండిలో దీపము

సోదరీమణులారా! కరెంటు సామానుల బేరము పురుషుల పనియనియు, మీట నొక్కుటకు మించి మనము తెలిసికొన నక్కరలేదనియు నేనును చాలకాలము తలంచితిని. ఒక్క రాత్రి నా తలంపును మార్చివేసినది. ఆ సంగతి మీకు విన్నవించుటకే యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

మాది జగిత్యాల జిల్లాలోని గొల్లపల్లి. రెండేండ్ల కొకమారు జరుగు మేడారము సమ్మక్క సారలమ్మల జాతరకు మా యింటిల్లిపాదియు ట్రాక్టరు ట్రాలీలో పోవుట వాడుక. ట్రాలీలో గడ్డి పఱచి, పైన టార్పాలిను గట్టి, బియ్యము, పొయ్యి, గిన్నెలు, తల్లులకు సమర్పించు 'బంగారము', అనగా బెల్లము, సర్దుకొందుము. మూడు రాత్రులు అదియే మాకు ఇల్లు. మా యత్తగారికి ఉబ్బసము కలదు. రాత్రివేళ ఆయాసము వచ్చినచో నెబ్యులైజరు పెట్టవలయును. కావున మా బండిలో బ్యాటరీ వేడుక కొఱకు గాదు, ప్రాణము కొఱకు.

2022 ఫిబ్రవరి 16 మొదలు 19 వరకు జరిగిన జాతరకు ముందు, చవకగా దొరకినదని మావారొక చార్జరును దెచ్చిరి. దానిని బ్యాటరీకి రెండు దినములు ఎడతెగక తగిలించి యుంచితిమి. బ్యాటరీ వేడెక్కి కుతకుతలాడి, ఘాటువాసన వచ్చినను, బాగుగా నిండుచున్నదని సంతోషించితిమి. జాతరలో రెండవనాటి యర్ధరాత్రి అత్తగారికి ఆయాసము హెచ్చెను. నెబ్యులైజరు రెండు నిముసములు పనిచేసి యాగిపోయెను. వెంటనే దీపమును మినుకుమినుకు మని యారిపోయెను. ఆ చీకటిలో ఆమె నా చేయి పట్టుకొని, "బిడ్డా, దీపమేమాయె?" అని యడిగిరి. నాకు మాట రాలేదు. మావారును మా మరిదియు ఆమెను మోసికొని, అంత జనములో త్రోవ చేసికొనుచు, వైద్యశిబిరమునకు చేర్చిరి. తల్లుల దయవలన గండము గడచెను.

ఇల్లు చేరి బ్యాటరీ మూతలు విప్పి చూడగా లోని నీరు చాలవరకు హరించి, పలకలు బయటపడి యుండెను. కరెంటుపని తెలిసిన మా మేనల్లుడు దానిని చూచి, "అత్తమ్మా, ఇది నిండక చెడిపోలేదు, నిండిన తరువాత కూడ నింపుటచే చెడినది" అనెను. ఆ మాట నా మనస్సున నాటుకొనెను. నాటినుండి వానిని అడిగి యడిగి కొన్ని సంగతులు నేర్చుకొంటిని.

మన యింటి గోడలోని కరెంటు 230 వోల్టులది. క్షణక్షణమును దిక్కు మార్చుకొనునది. బ్యాటరీ కోరునది ఒకే దిక్కున పారు ప్రవాహము. మొదటిదానిని రెండవదానిగా మార్చి 12 వోల్టుల బ్యాటరీని నింపునది కన్వర్టరు. బ్యాటరీలో నున్న దానిని మరల 230 వోల్టులుగా జేసి యంత్రముల కిచ్చునది ఇన్వర్టరు. ఈ రెంటిని ఒకటిగా తలంచువారు పెక్కుమంది.

పాలు కాచుట మనకు తెలిసినదే గదా! మొదట మంట పెద్దది చేయుదుము. పొంగు వచ్చువేళ తగ్గింతుము. కాగిన పిదప దాలిలో వెచ్చగా నుంచుదుము. మంచి కన్వర్టరు చేయునదియు నింతే. మొదట ప్రవాహమును నిండుగా నిచ్చును. వోల్టులు సుమారు 14.4 చేరగానే ఆ మట్టము నట్లే నిలిపి ప్రవాహమును క్రమముగా తగ్గనిచ్చును. నిండిన పిమ్మట 13.5 వోల్టుల దగ్గర ఊరక కాపాడుచుండును. మేము కొనిన చవక వస్తువునకు మంట తగ్గించుట తెలియదు. పాలు పొంగి పొయ్యిపాలైనవి!

2024 జాతర సమీపించినపుడు, "ఈమారు అన్నిటికంటె పెద్దది తెత్తును" అని మావారనిరి. "పెద్దది కాదు, తగినది కావలయును. పదిమంది తినువారికి నలుబది మందికి సరిపోవు బియ్యము పోయుదుమా?" అని నేను కాగితము తీసికొంటిని. అయిదు వాట్ల బల్బులు మూడు, ఆరుగంటలు: 90. సెల్‌ఫోనులు నాలుగు: 60. నెబ్యులైజరు 120 వాట్లది, పావుగంట చొప్పున రెండుసారులు: 60, ఇన్వర్టరులో పోవు నష్టముతో 70 అనుకొంటిని. వెరసి రాత్రికి 220 వాట్ అవర్లు. 12 చేత భాగింపగా సుమారు 18 ఆంపియర్ అవర్లు. మూడు రాత్రులకు 55. ఇట్టి బ్యాటరీని సగమునకు మించి ఖాళీ చేయరాదు. కనుక 150 ఆంపియర్ అవర్ల బ్యాటరీ చాలును. ఆపదకు కొంత మిగులును. కన్వర్టరు బ్యాటరీలో పదవవంతు ఉండుట మేలు; అనగా 15 ఆంపియర్లు. ఫ్యాను కావలెనని పిల్లలు మారాము చేసిరి గాని, ఆ చలిరాత్రుల ఫ్యానెందుకని కొట్టివేసితిని.

ఆ కన్వర్టరు వెల మునుపటిదానికి రెండింతలకు పైగా నయ్యెను. పాలకేంద్రములో పోసిన పాలడబ్బులలో దాచినది ఇచ్చితిని. బయలుదేరుటకు ముందు ఒక రాత్రి ఇంటిలోనే అన్నియు వెలిగించి పరీక్షించితిమి. నింపునపుడు వాయువులు వెలువడును గనుక కిటికీలు తెరచి, నిప్పును దూరముగా నుంచితిమి. తగ్గినచోట డిస్టిల్డు వాటరే పోసితిమి. ట్రాక్టరు బ్యాటరీ జోలికి మాత్రము పోలేదు; అది దిగిపోయినచో బండియే కదలదు గదా.

2024 ఫిబ్రవరి 21 మొదలు 24 వరకు జాతర. మూడవరాత్రి అత్తగారికి మరల ఆయాసము వచ్చినది. మీట నొక్కితిని. యంత్రము పావుగంటయు ఆగక నడచినది. ఊపిరి కుదుటపడిన తరువాత ఆమె దీపమువంక చూచి, ఏమియు ననక నా తల నిమిరి నిద్రించిరి. నేను మాత్రము చాలసేపు ఆ దీపమును చూచుచు కూర్చుంటిని.

ఉప్పు పప్పుల లెక్క తెలిసిన మనకు ఈ లెక్క కష్టము కాదు. కొనుటకు ముందు మన యవసరమును కూడుకొని, నిండిన పిదప తగ్గుట తెలిసిన వస్తువు నడిగి తెచ్చుకొందము. మన యింట ఎవరి ప్రాణము ఆ మీటమీద ఆధారపడియున్నదో మనకంటె నెక్కుడుగా నెవరికి తెలియును?