పాన్ విప్పాలా, ఇంజన్ దించాలా?

జంషెడ్‌పూర్ 1912లో తొలి ఉక్కు పోసిన ఊరు. 1945లో టెల్కో వెలసింది అక్కడే. 1954లో డైమ్లర్-బెంజ్ సహకారంతో లారీల తయారీ మొదలైందీ అక్కడే. ఉత్తరాంధ్ర నుంచి తరలివెళ్లిన తెలుగు కుటుంబాలెన్నో ఆ కొలిమి వెలుగులోనే స్థిరపడ్డాయి. యంత్రం విప్పి బిగించడం తెలిసిన చేతులకు కొదవలేని అటువంటి ఊళ్లో, పాత అంబాసిడర్ కింద నల్లని నూనె మరక కనిపిస్తే తలెత్తే ప్రశ్న పాతదే: అడుగున ఉన్న ఆయిల్ పాన్ ఒక్కటే విప్పి చూస్తే చాలునా, ఇంజన్‌నే దించవలసి ఉంటుందా?

నూనె ఎక్కడ కారినా కిందికే జారుతుంది కనుక నింద మాత్రం పాన్ మీదే పడుతుంది. వాల్వుల మూత దగ్గర చెమ్మగిల్లినదీ చివరకు పాన్ అంచునే చుక్క కడుతుంది. తెలిసిన మెకానిక్ ముందుగా ఇంజన్‌ను శుభ్రంగా తుడిచి, కొంతదూరం నడిపించి, తడి ఎక్కడ మొదలైందో చూస్తాడు. దోషం ప్యాకింగ్‌దే అయితే పాన్ విప్పుతాడు. కొన్ని కార్లలో ముందు చక్రాల అడ్డదూలం దారికి అడ్డుపడుతుంది. అప్పుడు ఇంజన్ మౌంటింగులు వదులు చేసి, జాకీతో కాస్త పైకెత్తి పాన్‌ను బయటికి లాగుతారు. వెల్లకిలా పడుకుని, నూనె ముఖాన పడుతూండగా పాత ప్యాకింగ్ గోకడం సుఖమైన పని కాదు. కానీ ఆ పనివల్ల ఇంజన్ లోపలి స్థితి తెలుస్తుంది. పాన్ అడుగున లోహపు రజను మెరిసినా, బేరింగ్ మూత తీస్తే క్రాంక్ మీద గీతలు పడి ఉన్నా ఇక వాదనకు తావులేదు. క్రాంక్‌ను గ్రైండింగ్‌కు పంపాలి. అందుకు ఇంజన్ దిగవలసిందే.

అంత నిదర్శనం లేకుండానే దించడం వేరు. చెయిన్ పుల్లీకి ఇంజన్ వేలాడగానే ‘ఎలాగూ దించాం కదా’ అన్న మాట వస్తుంది. రింగులు, క్లచ్, బోరింగ్ ఒకదాని వెంట ఒకటి జాబితాకెక్కుతాయి. (పరీక్షకన్నా ప్రక్షాళనకే మొగ్గుచూపే ప్రభుత్వాలను ఎరిగినవారికి ఇది కొత్త కాదు.)

ఈ నిర్ణయంలోకి ఇప్పుడు చట్టమూ ప్రవేశించింది. జూలై 2021 నిబంధనల ప్రకారం వింటేజ్ హోదా పొందాలంటే వాహనానికి 50 ఏళ్లు దాటాలి, అది అసలు రూపంలో ఉండాలి, గణనీయమైన ఓవర్‌హాల్ జరిగి ఉండకూడదు. కొత్త నమోదుకు రుసుము 20,000 రూపాయలు. చిక్కు ఓవర్‌హాల్ అనే మాటలోనే ఉంది. మెకానిక్ దృష్టిలో అది యంత్రాన్ని దాని తొలి కొలతలకు చేర్చడం. అంబాసిడర్‌లో మరో కంపెనీ డీజిల్ ఇంజన్ బిగించడంతో దానికి పోలిక లేదు. మొదటిది అసలు రూపాన్ని కాపాడుతుంది, రెండవది చెరుపుతుంది. రవాణా కార్యాలయంలో రెండూ ఒకే గాటన కట్టబడతాయేమోనన్న భయం యజమానికి కలిగితే, అరిగిన బేరింగ్‌ను అలాగే ఉంచి, ప్యాకింగ్ మీద ప్యాకింగ్ మారుస్తూ కాలక్షేపం చేస్తాడు. క్రాంక్ విరిగేదాకా కారు కాగితాల్లో మాత్రం అసలు రూపంలోనే ఉంటుంది.

యాభై నిండని కార్లకు ఆ హోదా అందదు. పదిహేనేళ్లు దాటిన సొంత కారు రిజిస్ట్రేషన్ పునరుద్ధరణ రుసుము ఏప్రిల్ 2022లో 600 నుంచి 5,000 రూపాయలకు పెరిగింది. 1985 నాటి అంబాసిడర్ 2025 వరకు ఆ లెక్కలోకే వచ్చేది. దాని యజమాని ఇంజన్ దించే ఖర్చుతోపాటు పునరుద్ధరణ రుసుమునూ కూడుకుంటాడు. పక్కనే తుక్కు వ్యాపారి చెప్పిన ధర ఉంటుంది.