రాతి స్తంభాల దీవి

ఉడుపిలో కృష్ణదర్శనం చేసుకుని, మాల్పే రేవులో లాంచీ ఎక్కాము. అరగంటలో సెయింట్ మేరీస్ దీవి! 1498లో వాస్కో డ గామా ఇక్కడ దిగి ఆ పేరు పెట్టాడని చెప్పుకుంటారు. కొబ్బరిచెట్లు దాటి రాళ్ళమీద ఎక్కుతూ దిగుతూ నడిచాము. ఎటు చూసినా ఐదు పలకలవీ, ఆరు పలకలవీ నల్లని స్తంభాలే. ఎవరో చెక్కి పేర్చినట్టున్నాయి.

చెక్కినవారెవరూ లేరు. సుమారు 8.8 కోట్ల ఏళ్ళ క్రితం, మడగాస్కర్ మన దేశాన్నుంచి విడిపోయే కాలంలో పొంగిన లావా చల్లారి, కుంచించుకుని ఇలా పగిలిందట.

ఇదంతా మా అబ్బాయికి చెబుతూ వెనక్కి చూద్దును కదా, వాడు లేడు! నీటి అంచున, నాచు పట్టిన రాతిమీద నిలబడి చేతులూపుతున్నాడు. కావలివాడు ఈల వేశాడు. వీడు తిరగబోయి జారాడు. అల అప్పుడే వెనక్కి తీసింది గనుక మోకాలి చర్మంతో పోయింది.

తిరుగు లాంచీలో మా ఆవిడ ఒక్కమాటే అన్నది: "కోట్ల ఏళ్ళ కబుర్లకేం గాని, పిల్లవాడి చెయ్యి కాసేపు పట్టుకోలేకపోయారు!"