క్లామత్ నదీతీరమున

సోదరీమణులారా! ఒరెగాన్ రాష్ట్రమున బుట్టి, కాలిఫోర్నియాలో పసిఫిక్ సముద్రమును గలియు క్లామత్ నదియొడ్డున, పొయ్యియు పడకలునుగల మోటారుబండిలో మేము విడిసితిమి. సాల్మను చేపల కాలమప్పటికి రాలేదు. ప్రక్కబండ్లవారును మావలెనే నీటివంక జూచుచుండిరి.

ఈ చేప యేటిలో పుట్టి, కడలిలో పెరిగి, గ్రుడ్లు పెట్టుటకై పుట్టినయేటికే యెదురీదుచు వచ్చును. మన గోదావరి పులసయు సముద్రమునుండి యట్లే వచ్చునుగదా! క్లామతుపై 1918లో నొక యానకట్ట పూర్తియైనది మొదలు నూఱేండ్లకుపైగా ఎగువదారి మూతవడెను. సాల్మనే జీవనాధారమైన యూరోక్ మొదలగు జాతులవారు పట్టువిడువక పోరాడగా, 2024లో నాలుగు ఆనకట్టల తొలగింపు పూర్తియైనది. ఆ శరత్తుననే చేపలు ఒరెగాను చేరినవి.

ఇన్నితరములు గడచినను, తలుపు తీసిన తోడనే వచ్చినవి! పుట్టినింటి తలుపు తెఱచియుండుట యెంతటి భాగ్యమో మనకు వేఱ చెప్పవలెనా?