కాంక్రీటులో దాగే ఉక్కు

మన కర్మాగారంలో తయారయ్యే వస్తువుకు ఒక విచిత్ర లక్షణమున్నది. కొన్నవారు దానిని మళ్లీ చూడరు. స్తంభంలోనో, స్లాబులోనో కాంక్రీటు పోసిన తరువాత ఆ కడ్డీ మంచిదో కాదో తెలుసుకొనే అవకాశం ఇంటి యజమానికి ఉండదు. చీర రంగు వెలిస్తే మరొకటి కొనవచ్చు. పునాదిలోని ఉక్కును మార్చలేము. కనుక వినియోగదారునికి చెప్పదలచినది కొనుగోలుకు ముందే చెప్పాలి.

ఏళ్ల తరబడి ఉక్కుతోనే జీవిస్తున్న మా వంటి ఇంజనీర్ల ఇళ్లకు బంధువుల నుండి తరచు ఫోన్లు వస్తుంటాయి. "ఇల్లు మొదలుపెట్టాం బావగారూ, ఏ కడ్డీ కొనమంటారు?" అని అడుగుతారు. హైదరాబాదులోనో, బెంగళూరులోనో ఉద్యోగం చేస్తూ, ఆదివారం మాత్రమే స్థలం వద్దకు వెళ్లగలిగే వారికి దుకాణాలు తిరిగే తీరిక లేదు. మేస్త్రీ మాటే వారికి వేదం. అయితే వారే మెట్రో రైలులో నిలబడి, సెల్‌ఫోనులో చిన్న వీడియోలు చూస్తూ కుక్కరు మొదలు కారు వరకు ఎంచుకొంటున్నారు. మన మాట వారిని చేరగల చోటు అదేనని మాకు తోస్తున్నది.

వాణిజ్య ప్రకటనలు 1967లో వివిధభారతిలో, 1976లో దూరదర్శన్‌లో ప్రారంభమయ్యాయి. అక్కడ ప్రతి క్షణానికీ వెల కట్టవలసి వచ్చేది. 2016 తరువాత మొబైల్ డేటా చౌకయింది. 2020లో యూట్యూబ్ షార్ట్స్, ఇన్‌స్టాగ్రామ్ రీల్స్ మన దేశంలో ప్రవేశించాయి. నేడు వీడియో పెట్టడానికి ఖర్చు స్వల్పం; చూసేవారి ఓపిక అంతకన్నా స్వల్పం.

అందుచేత జ్యోతి ప్రజ్వలనాలు, ఉపన్యాసాలు అందులో చోటుచేసుకోరాదు. ఒక వీడియోలో ఒకే ఉపయోగకరమైన విషయం చాలు. ఉదాహరణకు, 12 మిల్లీమీటర్ల కడ్డీని మీటరు పొడవున కోసి త్రాసులో పెట్టి చూపుదాము. అది 888 గ్రాములు తూగాలి. స్వల్పమైన హెచ్చుతగ్గులనే ప్రమాణం అనుమతిస్తుంది. మిల్లీమీటర్లలోని వ్యాసాన్ని దానితోనే గుణించి, 162తో భాగిస్తే, మీటరు బరువు సుమారుగా కిలోలలో వస్తుంది. ఈ లెక్క తెలిసిన గృహిణిని ఏ దుకాణదారుడూ మోసగించలేడు.

మరొక దానిలో ఎర్రగా కాలిన టి.ఎం.టి. కడ్డీ నీటి ధారల మధ్య నుండి దూసుకుపోయే దృశ్యం చూపవచ్చు. పైపొర చటుక్కున చల్లబడి గట్టిపడుతుంది. లోపలి వేడి తిరిగి పైకి వచ్చి ఆ పొర పెళుసుదనాన్ని తగ్గిస్తుంది. బలంతోపాటు వంగే గుణం అలా సమకూరుతుంది. మూడవ వీడియోలో ఐ.ఎస్. 1786 ప్రమాణాన్ని, 'ఎఫ్‌ఇ 500 డి'లోని 'డి' సాగే గుణానికి గుర్తు అనే సంగతిని, లైసెన్సు సంఖ్యను బి.ఐ.ఎస్. కేర్ యాప్‌లో సరిచూసుకొనే పద్ధతిని వివరించవచ్చు. ఒక్కొక్కటి 40 సెకన్లు మించనవసరం లేదు. రైలులో శబ్దం ఆపి చూసేవారి కోసం తెరపై పెద్ద తెలుగు అక్షరాలుండాలి.

ఒక జాగ్రత్త అవసరం. "మా ఉక్కు వాడితే భూకంపానికి భయం లేదు" వంటి మాటలు మన వీడియోలలో వినబడరాదు. తప్పుదోవ పట్టించే ప్రకటనలను 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం శిక్షార్హం చేసింది. చట్టం మాట అలా ఉంచినా, డిజైను, కాంక్రీటు, పనితనం సరిగా లేనిచోట ఉక్కు ఒక్కటే ఇంటిని నిలబెట్టలేదని మనకు తెలుసు. ఆ మాట కూడా మనమే చెప్పాలి. వినియోగదారుడు మనలను నమ్మి కట్టుకొనే ఇంటిలో పసిపిల్లలు నిద్రిస్తారు.

మాలో అనేకులు కొద్ది సంవత్సరాలలో పదవీ విరమణ చేయనున్నాము. కడ్డీని చూసి గుణం చెప్పగల అనుభవం మాతోపాటు గేటు దాటిపోకూడదు. ఫోనులో చిత్రీకరించే నేర్పు మన కాలనీ పిల్లలకు పుష్కలంగా ఉన్నది. ముందుగా మీ ఇంటికి ఫోను చేసి బంధువులు అడిగిన ప్రశ్నలను ఒక కాగితంపై వ్రాసి ఉంచండి. మన తొలి వీడియోలు వాటికి సమాధానాలు కావాలని మా కోరిక.