కానరాని చిల్లి

మా పాఠశాల వసతిగృహమునకు మిర్యాలగూడ మిల్లులనుండి బియ్యమును, బజారునుండి పప్పుదినుసులను నిడమనూరునకు తెచ్చు చిన్న పికప్పు బండి యొకటి కలదు. అది పెట్రోలుతో నడచునది. ఈ సంవత్సరము వేసవి సెలవులు ముగిసిన పిమ్మట దానికొక వింత జబ్బు పట్టుకొనెను. రోడ్డుపై పరుగెత్తునపుడు బాగుగనే యుండును. నిలిపినంతనే ఇంజను ఒకసారి గట్టిగా అరచి, మరియొకసారి ఆరబోవు దీపమువలె వణకును. ఒక మరమ్మతు దుకాణమువారు ప్లగ్గులు మార్చిరి, వణకు పోలేదు. పెట్రోలు పంపును గూడ మార్చవలెననిరి. ఇంతలో డ్రైవరు మాయొద్దకు వచ్చి, "సారూ, ఇంజను సంగతి అట్లుంచుండ్రి, బ్రేకు గట్టిపడ్డది. ఉన్న బలమంత పెట్టి తొక్కితే గాని బండి ఆగుత లేదు" అనెను. అంతట బండిని కదలింపవలదని చెప్పితిమి. వణకునకును, బ్రేకు బిగువునకును ఒక్కటే కారణముండవచ్చునని మాకు తోచెను.

బాలబాలికలారా! బొప్పాయి కాడతో నీరు పీల్చుట మీరందఱును ఎఱిగినదే. నోరే నీటిని లాగుచున్నదని తోచును. నిజమునకు నోటిలో గాలి తగ్గగా, వెలుపలి గాలి తన బరువుచే నీటిని పైకి నెట్టుచున్నది. ఇటలీ దేశస్థుడగు టోరిచెల్లి 1643 నాటి పాదరసపు గొట్టముతో ఈ సంగతిని తేటపఱచెను. గాలి బరువు సుమారు 76 సెంటీమీటర్ల పాదరసమును నిలుపగలదు. కాడకు చీలిక యున్నచో నీటికి బదులు గాలియే నోటికి వచ్చును.

పెట్రోలు ఇంజనులో పిస్టను క్రిందికి దిగునపుడు జరుగునదియు నిదియే. యాక్సిలరేటరు త్రొక్కనపుడు థ్రాటిల్ అను చిన్న తలుపు దాదాపుగా మూసికొని యుండును. అపుడు లోపలి ఒత్తిడి వెలుపలి దానికంటె సుమారు 45 మొదలు 50 సెంటీమీటర్ల పాదరసము మేర తగ్గియుండును. ఒక పాలు పెట్రోలు సరిగా మండుటకు తూకమున సుమారు 14.7 పాళ్ల గాలి కావలెను. చిల్లిగుండ లెక్కకు రాని గాలి చొచ్చెనా, ఇంజను నిలకడ తప్పును. వేగముగ పోవునపుడు తలుపు తెఱచుకొని గాలి విస్తారముగ వచ్చును. అందు చిల్లి గాలి స్వల్పమై జబ్బు దాగును.

ఈ శూన్యతనే లావుపాటి రబ్బరు గొట్టముద్వారా బ్రేకు బూస్టరు అను గుండ్రని డబ్బాకు కొనిపోవుదురు. అందొక పొర కలదు. బ్రేకు త్రొక్కినపుడు పొరకు ఒకవైపున గాలి ప్రవేశించి, దానిని నెట్టి మన కాలికి సాయపడును. శూన్యత చాలనిచో సాయము తగ్గును. పెడలు రాయివలె బిగియును.

మేము ఒక్కొక్కసారి ఒక్కటే మార్చుచు పరీక్షించితిమి. మొదట నొక సన్నని గొట్టపు కొనను చెవియొద్ద నుంచుకొని, రెండవ కొనను ఇంజను చుట్టును త్రిప్పితిమి. చేతులును బట్టలును ఫ్యానుకు, బెల్టుకు దూరముగ నుంచితిమి. ఒకచోట పాము బుసవంటి చప్పుడు వినబడెను. పిదప పట్టుకారకు గుడ్డ చుట్టి, గొట్టముల నొక్కొక్కటిగా నొక్కితిమి. బూస్టరు గొట్టమును ఇంజనుచేరువ నొక్కినంతనే వణకు ఆగెను. వదలగా తిరిగి వచ్చెను. ఇంజను ఆపి, ఆ గొట్టమును ఊడదీసి వంచి చూడగా, క్లిప్పు దాపున అడుగువైపు గోరంత చీలిక నోరు తెఱచెను. నిటారుగ నుంచిన అది కానరాదు. కొందఱు మండెడు ద్రవములు చిమ్మి చిల్లిని వెదకుదురు. వేడి ఇంజనుపై నది అగ్నికి ఆహ్వానము. ఇంజను ఆపి, లోనికి పొగనంపి, అది వెలువడు చోటును కనిపెట్టుట మేలైన పద్ధతి.

డ్రైవరు, "టేపు చుట్టి ఇయ్యాళ్టికి నడుపుదము సారూ, పిల్లలకు బియ్యము రావలె" అనెను. అతని తొందర న్యాయమే; కొట్టులో బియ్యము మఱునాటికే సరిపోవును. "అన్నా, బియ్యమును ఆటోలో తెప్పింతము. ఈ గొట్టముతో బండి వాకిలి దాటరాదు" అంటిమి. మఱునాడు మిర్యాలగూడనుండి కొలతకు సరియైన బ్రేకు గొట్టము వచ్చెను. నీళ్ల గొట్టము పనికిరాదు. శూన్యతకు అది నొక్కుకొనిపోవును. గాలిని ఇంజనువైపునకే పోనిచ్చు కవాటమును ఊది చూచితిమి. అది బాగుగనే యుండెను. క్రొత్త క్లిప్పులతో బిగింపగా వణకును పోయెను, బ్రేకును మెత్తబడెను. ప్లగ్గులందు దోషము లేదు, పంపునందును లేదు. దోషము రుజువు కాక వస్తువును మార్చుట, సాక్ష్యము లేక శిక్ష వేయుటవంటిది.

ఇంట బండి గల తల్లిదండ్రులు ఈ చిన్న పరీక్షను నెలకొకసారి చేసికొనవచ్చును. బండిని సమతలమున నిలిపి, హ్యాండుబ్రేకు వేసి, గేరు న్యూట్రలులో నుంచి, ఇంజను ఆపి, పెడలు గట్టిపడువఱకు పలుమార్లు త్రొక్కవలెను. పిదప కాలు తీయక ఇంజను ప్రారంభింపవలెను. పెడలు కొంచెము క్రిందికి దిగెనా, సాయము అందుచున్నది. దిగదా, ఆ బండిని రోడ్డెక్కింపరాదు. డీజిలు బండ్లలో శూన్యతను వేఱొక పంపు కల్పించును గాని, బూస్టరు గలవానికి పరీక్ష యిదియే.