మేక్, గోడపత్రిక, మా అవ్వ మాట

మన గోడపత్రిక ఈ ఏడాది చేతిరాతలో కాకుండా టైపులో వస్తోందని మీరంతా గమనించే ఉంటారు. ముత్యాల్లాంటి దస్తూరి ఉన్న సీనియర్ అక్కలు చదువు ముగించి వెళ్లిపోయారు. మిగిలినవాళ్లలో చాలామందిమి బడిలో తమిళమే చదివాం. 2006లో తమిళ బోధన చట్టం వచ్చాక ఒకటో తరగతి నుంచి ఒక్కో ఏడాదీ ఒక్కో తరగతికి తమిళం తప్పనిసరి అవుతూ వచ్చింది కదా. ఇంట్లో తెలుగే మాట్లాడతాం. అక్షరాలు మాత్రం ఈ డిపార్టుమెంటుకు వచ్చాకే కుదురుగా పట్టుబడ్డాయి.

నేను కంప్యూటర్ సైన్సు అమ్మాయిని కాబట్టి పుటలు తయారుచేసే పని నా నెత్తిన పడింది. పద్నాలుగు వ్యాసాలు, పద్నాలుగు ఫైళ్లు. ఒక్కోదాన్ని జీలాటెక్ అనే ప్రోగ్రాము పుటగా మారుస్తుంది. (ఫాంట్ల కోసం వెతుకుతుంటే పెద్దన, తిమ్మన, ధూర్జటి, సూరన్న, తెనాలి రామకృష్ణ అని పేర్లు వచ్చాయి. ప్రబంధాల పాఠం మళ్లీ మొదలైందేమో అనుకున్నాను!) ఎవరో ఒకరు ఒక్క వాక్యం దిద్దినప్పుడల్లా పద్నాలుగు పుటలూ మళ్లీ చేయడం ఎవరివల్ల అవుతుంది? దానికే మేక్.

మేక్ 1976లో బెల్ ల్యాబ్స్‌లో స్టువర్ట్ ఫెల్డ్‌మన్ రాసిన పనిముట్టు. ఏది దేని నుంచి, ఎలా తయారవ్వాలో మేక్‌ఫైల్ అనే చిన్న ఫైలులో రాసిపెడితే చాలు. అది మన వ్యాసాన్ని చదవదు. వ్యాసం మార్చిన సమయాన్ని, పుట తయారైన సమయాన్ని పోల్చి చూస్తుంది, అంతే. వ్యాసం కొత్తదైతే ఆ ఒక్క పుటే మళ్లీ చేస్తుంది, తక్కిన పదమూడింటి జోలికి పోదు. చారు అయిపోతే మా అమ్మ చారు పెడుతుంది గానీ అన్నం మళ్లీ వండదు కదా, అలాగే.

దీనికొక మొండిపట్టు ఉంది. చేయాల్సిన పని రాసిన వరుస ట్యాబ్‌తోనే మొదలవ్వాలి. స్పేసులు పెడితే ఒప్పుకోదు, కంటికేమో రెండూ ఖాళీగానే కనబడతాయి. ఈ ఇబ్బంది ఫెల్డ్‌మన్‌కు కొద్ది వారాల్లోనే తెలిసిందట. అప్పటికే పది పన్నెండుమంది వాడుతున్నారు, ఎక్కువమంది స్నేహితులే. వాళ్ల పని చెడగొట్టడమెందుకని అలాగే వదిలేశాడు. ఆ మొహమాటాన్ని ఇప్పటికీ ప్రపంచమంతా మోస్తోంది. నేను వాడే వీఎస్ కోడ్ ఎడిటరు మేక్‌ఫైల్ తెరవగానే తనే ట్యాబ్‌లు పెడుతుంది, బతికిపోయాం. పైగా టెర్మినల్‌లో నడిచే ఎడిటర్లలో మన వత్తులు తరచూ చెల్లాచెదురుగా పడతాయి. ఇందులో చక్కగా కూర్చుంటాయి. కంట్రోల్, షిఫ్ట్, బి కలిపి నొక్కితే ఎడిటరే మేక్‌ను పిలిచేలా పెట్టుకున్నాను.

ఇక తప్పుల జాబితా సంగతి. తమిళ లిపిలో మహాప్రాణాలకు వేరే అక్షరాలు లేవు. అందుకని మా రాతల్లో భాష బాష అవుతుంది, అర్థం అర్దం అవుతుంది. మేడమ్ ఎర్రపెన్నుతో దిద్దిన మాటలన్నీ ఒక ఫైలులో చేర్చాను. పుట చేసేముందు గ్రెప్ అనే ప్రోగ్రాము వాటిని వ్యాసంలో వెతికి, ఏ ఫైలు, ఎన్నో వరుస అని చెబుతుంది. ఎడిటర్ ఆ వరుస కింద ఎర్రగీత గీస్తుంది. ఇక్కడో తమాషా: గ్రెప్‌కు వెతికింది దొరికితే గెలుపు, దొరక్కపోతే ఓటమి. తప్పులేని వ్యాసం ఇస్తే అది ఓడిపోయానంటుంది, మేక్ అక్కడే ఆగిపోతుంది. అందుకని ఆ వరుస ముందు ఒక ఆశ్చర్యార్థకం పెట్టి గెలుపోటములు తారుమారు చేయాలి.

బాగానే నడిచింది. ఒకమ్మాయి రజనీకాంత్ ‘బాషా’ సినిమా మీద రాసిన వ్యాసం వచ్చేదాకా! పుటంతా ఎర్రగీతలే. దానికి అక్షరాలే తెలుసు, మాట తెలియదు. అందరం నవ్వుకున్నాం.

నవ్వు రానిది ఆ తర్వాతి వారం జరిగింది. మా అవ్వ గురించి నేను రాసుకున్న వ్యాసంలో ‘బువ్వ ఉండాది, తిని పో’ అన్న అవ్వ మాట కింద ఎర్రగీత. ‘ఉండాది’ని జాబితాలో చేర్చింది నా పక్కన కూర్చునే అమ్మాయే. అడిగితే, “హైదరాబాదులో మా పెద్దమ్మ పిల్లలు ఆ మాటకు ఎంత నవ్వుతారో నీకు తెలీదే. గోడమీద కూడా అదే పెడతామా?” అంది. తన కళ్లు చూస్తే గట్టిగా మాట్లాడబుద్ధి కాలేదు. కానీ నాకు కడుపు మండింది. బాష అని రాయడం వేరు, ఉండాది అని మాట్లాడటం వేరు. మా అవ్వ ఎనభై ఏళ్లుగా ఆ మాటతోనే ఇంటికొచ్చినవాళ్లకు అన్నం పెడుతోంది.

ఇద్దరం మేడమ్ దగ్గరికి వెళ్లాం. మేడమ్ వ్యాసం మొత్తం చదివి, “నీ వాక్యంలో ఉంది అని రాయమ్మా. అవ్వ నోట ఉండాది అనే ఉండనీ” అన్నారు. నా పక్కమ్మాయికి సగమే నచ్చింది. నాకూ సగమే. నా వాక్యంలో మాత్రం ఎందుకు ఉండకూడదో ఇంకా అడుగుతూనే ఉన్నాను.

ఉండాదిని జాబితాలోంచి తీసేశాను. కంట్రోల్, షిఫ్ట్, బి. ఆ ఒక్క పుటే మళ్లీ తయారైంది, గీత లేదు. జాబితాలో ఇప్పుడు ముప్పయ్యొక్క మాటలున్నాయి. మీరు కొత్త మాట చేర్చాలంటే చీటీ రాసి నాకివ్వండి. ఇచ్చేముందు ఒకసారి ఇంట్లో పెద్దవాళ్లను అడగండి.